పిల్లవాడు ఆన్‌లైన్‌లో మోసంగా అమ్మితే: చట్టం ఏమంటుంది, ఇంటికి ఎంత ఖర్చవుతుంది?

ఈ మధ్య తల్లిదండ్రుల సమావేశాల్లో సెల్‌ఫోన్ మాట వచ్చినప్పుడల్లా చివరకు ఒక ప్రశ్న తేలుతోంది. "వాడు మైనరు కదండీ మాస్టారూ, కేసు ఎలా అవుతుంది?" అని. అడిగేవారి గొంతులో కొంత భయం, కొంత ధీమా కలిసి ఉంటాయి. ఆ ధీమాలో సగం నిజం ఉంది. మిగిలిన సగం మాత్రం ఇంటిల్లిపాదినీ ఇబ్బందిలోకి నెట్టగలదు. సొసైటీ పెద్దలు ఈ సంచికకు తల్లిదండ్రులకు పనికొచ్చే విషయం ఏదైనా రాయమన్నారు కాబట్టి దీని గురించే రాస్తున్నాను.

నూజివీడు పరిసరాల్లో ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే ప్రతి ఇంట్లోనూ మామిడి కబురే. ఒకప్పుడు పూత మీదే తోట గుత్తకు ఇచ్చేసేవారు, లేదంటే కాయ కోసి నున్న మార్కెట్‌కు తోలేవారు. ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరులలో ఉన్నవారు ఫోన్‌లో బొమ్మ చూసి "చిన్న రసాలు ఒక పెట్టె" అని డబ్బు పంపిస్తున్నారు. ఇది మంచి మార్పే. దళారీ లేకుండా రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి. చదువుకునే పిల్లలు తమ తోట కాయను ఇలా నిజాయితీగా అమ్మి ఫీజు కట్టుకుంటే నేను సంతోషిస్తాను. అయితే మార్కెట్‌లో కొనేవాడు కాయ పట్టుకుని, తొడిమ దగ్గర వాసన చూసి బేరమాడతాడు. ఫోన్‌లో కొనేవాడికి కనబడేది బొమ్మ, మాట, క్యూఆర్ కోడ్ మాత్రమే. వాటిని నమ్మి ముందే డబ్బు పంపుతున్నాడు.

ఉదాహరణకు ఒక కుర్రాడిని ఊహించుకుందాం. వయసు 17, ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్లకు తోట లేదు. ఎవరిదో తోటలో ఫోటోలు తీసి, "తోట నుంచి నేరుగా నూజివీడు రసాలు, పెట్టె 1,500, అడ్వాన్సు తప్పనిసరి" అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. 12 మంది డబ్బు పంపారు. మొత్తం 18,000. డబ్బు పడింది తల్లి ఫోన్‌పేలో, ఎందుకంటే ఇంట్లో నడుస్తున్న ఖాతా అదొక్కటే. ఆ డబ్బుతో కుర్రాడు పాత ఫోన్ మార్చి కొత్తది కొన్నాడు. కాయలు పంపలేదు. అడిగినవారికి వారం రోజులు "ట్రాన్స్‌పోర్టులో ఉంది అంకుల్" అని చెప్పి, తరువాత నంబర్లు బ్లాక్ చేశాడు.

ఇది నేరమా, లేక మాట తప్పడమేనా? చట్టం ఇక్కడ చూసేది ఉద్దేశాన్ని, అదీ డబ్బు తీసుకున్న నాటి ఉద్దేశాన్ని. బేరం కుదిరిన తరువాత మాట తప్పితే అది ఒప్పంద ఉల్లంఘన. మొదటినుంచీ ఇవ్వకూడదనే ఉంటే అది మోసం. సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. మన భాషలో చెప్పాలంటే, నిజంగా తోట ఉన్న కుర్రాడు అడ్వాన్సు తీసుకున్నాక ఈదురుగాలికి కాయంతా రాలిపోయి పంపలేకపోతే అతడు బాకీదారు. డబ్బు వెనక్కు ఇస్తే సరిపోతుంది. తోటే లేని మన కుర్రాడి సంగతి వేరు. ఎదుటివారి నంబర్లు బ్లాక్ చేయడం కూడా అతడి ఉద్దేశానికి సాక్ష్యంగానే నిలుస్తుంది.

ఈ రెండింటి మధ్య మూడో రకం ఒకటుంది. నా ఉద్దేశంలో ఎక్కువగా జరిగేది అదే. పెట్టె పంపుతారు, కానీ పై వరస రసాలు, కింద వరస కలెక్టరు కాయలో, దెబ్బతిన్న కాయలో ఉంటాయి. దీన్ని తెలివితేటలుగా చెప్పుకునేవారు కూడా ఉన్నారు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. సరిపోకపోతే కొన్నవాడు తిరస్కరించవచ్చు. తెలిసే కలిపితే అది మోసం కేసుకూ దారి తీస్తుంది. బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన సంగతి, తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త ముహమ్మద్ (స) ఆ వ్యాపారిని నిలదీసిన సంగతి మన పిల్లలు చిన్నప్పుడే వింటారు. మామిడి పెట్టె కింది వరస కూడా ఆ కోవలోదే.

ఇక శిక్షల మాట. 2024 జూలై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందరి నోటా ఉండే "420" ఇప్పుడు 318వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం. మోసగించి సొమ్ము రాబట్టినందుకు ఏడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. తాను కాని మనిషిగా చెప్పుకుని, అంటే ఫలానా రైతు పేరుతో, ఫలానా తోట యజమానినంటూ ఫోన్, కంప్యూటర్ల ద్వారా మోసగిస్తే సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇవి పెద్దవారికి. మన కుర్రాడికి 18 నిండలేదు కాబట్టి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది.

ఆ చట్టం పిల్లల పట్ల నిజంగా దయగా ఉంటుంది. ప్రతి జిల్లాకూ ఒక బాలల న్యాయ బోర్డు ఉండాలి. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. పిల్లవాడిని లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. పట్టుకుంటే 24 గంటల లోపు బోర్డు ముందు హాజరుపరచాలి. 2016 నాటి నమూనా నియమాల ప్రకారం, ఘోరమైన నేరమైతే తప్ప, లేదా పెద్దవారితో కలిసి చేసిన నేరమైతే తప్ప, పిల్లవాడి మీద ఎఫ్‌ఐఆర్ కూడా రాయరు. స్టేషన్ డైరీలో నమోదు చేసి, ఇంటి పరిస్థితుల నివేదికతో బోర్డుకు పంపుతారు. కనీస శిక్ష ఏడేళ్లు ఉన్న నేరాలనే ఘోరమైనవంటారు కాబట్టి మోసం అందులోకి రాదు. తప్పు రుజువైతే బోర్డు మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, జరిమానా కట్టమని పిల్లవాడిని గానీ తల్లిదండ్రులను గానీ ఆదేశించవచ్చు. మరీ అవసరమనుకుంటే మూడేళ్లకు మించకుండా ప్రత్యేక గృహంలో ఉంచవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి 24వ సెక్షన్. మామూలుగా శిక్షపడినవారికి వచ్చే అనర్హతలు పిల్లవాడికి అంటవు. బాల్యంలోని తప్పును సాకుగా చూపి ఉద్యోగం నిరాకరించడం తగదని సుప్రీంకోర్టు 2019లో రమేశ్ బిష్ణోయ్ కేసులో చెప్పింది.

ఇంతవరకు చదివి "అయితే భయం లేదన్నమాట" అనుకోకండి. ఆ రక్షణ 18 ఏళ్ల లోపువారికే, అదీ నేరం జరిగిన నాటికి. ఇంటర్ రెండో సంవత్సరంలో పుట్టినరోజు దాటిన కుర్రాడు, దాటని కుర్రాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇద్దరూ కలిసి ఈ పని చేస్తే ఒకడు బాలల బోర్డుకు, ఇంకొకడు మామూలు కోర్టుకు వెళతారు. వయసు తేల్చడానికి చట్టం మొదట చూసేది బడి ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్‌ను లేదా పదో తరగతి సర్టిఫికెట్‌ను. అవి లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువీకరణ. అదీ లేకపోతే ఎముకల పరీక్ష. మా బడి రిజిస్టర్లలో జూన్ నెలలో పుట్టిన పిల్లలు ఎందుకంతమంది ఉన్నారో మా తరం ఉపాధ్యాయులందరికీ తెలుసు. బడిలో వేయడానికి వయసు సరిపెట్టి రాయించిన తేదీలవి. ఆ ఒక్క తేదీ మీద ఏ కోర్టు అనేది ఆధారపడుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

అసలు చిక్కు ఇంకొకటి. కొన్నవారికి కుర్రాడి వయసు తెలియదు, ముఖం తెలియదు. వారి దగ్గరున్నది యూపీఐ పేరు, అది తల్లిది. ఫిర్యాదులో రాసేదీ ఆ పేరే. అందుకని మొదటి ఎఫ్‌ఐఆర్ నమోదైతే తల్లి పేరు మీదే నమోదు కావచ్చు. నోటీసు ఆమెకే రావచ్చు, అదీ ఏ హైదరాబాదు నుంచో, పుణె నుంచో, ఎందుకంటే మోసపోయినవాడు తన ఊళ్లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆమెకు ఏమీ తెలియదని తేలితే శిక్ష పడదు. కానీ తేలేదాకా తిరగాల్సింది ఆమే. ఆమెకు తెలిసి, "పోనీలే, నాలుగు డబ్బులు వస్తున్నాయి" అని ఊరుకుని వాడుకున్నట్టు బయటపడితే ఆమె కూడా భాగస్తురాలే అవుతుంది. కుర్రాడికి ఉన్న రక్షణ ఆమెకు లేదు. డిగ్రీ చదివే అన్న ఖాతా వాడినా ఇదే సంగతి. పోలీసుల విచారణలో ఒక్క వెసులుబాటు గుర్తుంచుకోవాలి: సాక్షిగా ప్రశ్నించదలిస్తే మహిళను స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, ఆమె ఉన్నచోటనే ప్రశ్నించాలి.

నోటీసు కన్నా ముందు తగిలే దెబ్బ బ్యాంకులో. మోసపోయినవాడు 1930 నంబరుకు ఫోన్ చేసి, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబరు చెబుతాడు. లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేస్తాడు. ఆ సమాచారం బ్యాంకుకు చేరగానే ఆ ఖాతాలో డబ్బు నిలిపేస్తారు. అక్కడి నుంచి డబ్బు ఇంకో ఖాతాకు వెళ్లి ఉంటే దాన్నీ ఆపుతారు. మన ఉదాహరణలో ముగ్గురే ఫిర్యాదు చేశారనుకుందాం. వివాదంలో ఉన్నది 4,500 రూపాయలు. కానీ చాలాసార్లు ఖాతా మొత్తం ఆగిపోతుంది. కేరళలో చిరువ్యాపారుల ఖాతాలు ఇలాగే ఆగిపోయి గోల అయితే, పోలీసులు చెప్పిన మొత్తం మేరకే ఆపాలని అక్కడి హైకోర్టు 2023లో బ్యాంకులకు చెప్పింది. మీ బ్యాంకు మేనేజరుతో మాట్లాడేటప్పుడు ఆ తీర్పును ప్రస్తావించవచ్చు.

ఆ ఖాతాలో ఇంకా ఏముంటాయో ఆలోచించండి. తల్లికి వందనం కింద పిల్లల చదువుకు వచ్చే 13,000 పడేది ఆ ఖాతాలోనే. డ్వాక్రా వాయిదా కట్టేది అందులోంచే. గ్యాస్ రాయితీ, కూలి డబ్బు, దుబాయ్ నుంచి అన్నయ్య పంపే డబ్బు అన్నీ అక్కడికే వస్తాయి. ఖాతా ఆగితే డబ్బు లోపలికి వస్తుంది గాని బయటకు రాదు. డ్వాక్రా వాయిదా తప్పితే ఆ ఇంటితో ఆగదు, గ్రూపులోని మిగతావారంతా వచ్చి అడుగుతారు. తల్లి ఆ నెలలో కిరాణా కొట్టుకు ఫోన్‌పేలో డబ్బు కట్టి ఉంటే, ఆ కొట్టు యజమాని ఖాతాకూ చిక్కు రావచ్చు. కుర్రాడు తీసుకున్నది 18,000. తిరిగి ఇవ్వాల్సింది 18,000. దాని మీద ఇంకో ఊరికి రానుపోను ఛార్జీలు, పోయిన కూలి రోజులు, వకీలు ఫీజు, తప్పిన వాయిదాల మీద వడ్డీ. ఈ పై ఖర్చుల మొత్తం అసలును దాటడానికి రెండు మూడు ప్రయాణాలు చాలు. కొన్న ఫోన్‌ను పోలీసులు స్వాధీనం చేసుకుంటే దాన్ని అమ్మి కట్టే దారి కూడా ఉండదు.

"మైనరుతో బేరం చెల్లదు, కాబట్టి డబ్బు వెనక్కు ఇవ్వనక్కర్లేదు" అని సలహా చెప్పే పెద్దలు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. వారు చెప్పేదానికి మూలం 1903 నాటి మొహొరీ బీబీ కేసు. కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అనే మైనరు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. మైనరు చేసిన ఒప్పందం అసలు పుట్టనే లేదని లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. అప్పు ఇచ్చినవాడికి డబ్బు తిరిగి ఇప్పించలేదు. ఇంతవరకు నిజమే. కానీ ఆ కేసులో అప్పు ఇచ్చిన పక్షానికి కుర్రాడు మైనరని ముందే తెలుసు. ఇప్పుడు 1928 నాటి లాహోర్ హైకోర్టు కేసు చూడండి. ఖాన్ గుల్ అనే మైనరు వయసు దాచి, తన భూమి అమ్ముతానని లఖా సింగ్ దగ్గర 17,500 రూపాయలు తీసుకుని, తరువాత భూమి ఇవ్వనన్నాడు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మొత్తమో చెప్పనక్కర్లేదు. ఒప్పందం చెల్లదని కోర్టు ఒప్పుకుంది, కానీ మోసం చేసి తీసుకున్న డబ్బు దగ్గర ఉంచుకోవడానికి వీల్లేదని, తిరిగి ఇవ్వాలని ప్రధాన న్యాయమూర్తి సర్ షాదీ లాల్ తీర్పు చెప్పారు. అలహాబాద్ హైకోర్టు తరువాత దీంతో ఏకీభవించలేదు. చివరకు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 33వ సెక్షన్ ఈ విషయాన్ని సర్దింది. మైనరుననే కారణంతో ఒప్పందం చెల్లదని వాదించేవాడు, దానివల్ల తాను పొందిన లాభం మేరకు తిరిగి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. నన్నడిగితే షాదీ లాల్ మాటే న్యాయం. చిన్నవాడిని ఇతరుల నుంచి కాపాడడానికి పెట్టిన రక్షణను ఇతరులను ముంచడానికి వాడుకోనివ్వకూడదు. పైగా ఇదంతా సివిల్ వాదన. ఒప్పందం చెల్లదని వాదించి గెలిచినా మోసం కేసు పోదు.

తండ్రి సొంత జేబు నుంచి కట్టాలా అని ఇంకొందరు అడుగుతారు. మైనరు బండి నడిపితే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. ఆన్‌లైన్ అమ్మకాలకు అలాంటి సెక్షన్ లేదు. కొడుకు చేసిన మోసానికి తండ్రి తనంతట తానుగా నేరస్తుడు కాడు. అయినా బోర్డు జరిమానా కట్టమనవచ్చు, ఖాతా ఇంటివారిదైతే డబ్బు అందులోంచే ఆగుతుంది.

ఇలాంటిది జరిగిందని తెలిసిన రోజు ఇంట్లో మొదట జరిగేది కొట్టడం, రెండోది సిమ్ విరగ్గొట్టి మెసేజీలు చెరిపేయడం. మొదటిది వల్ల ప్రయోజనం లేదు. రెండోది ఇంకో నేరం, సాక్ష్యం మాయం చేయడం కిందికి వస్తుంది. పైగా డబ్బు తిరిగి ఇచ్చామని, క్షమించమని అడిగామని చూపించుకోవడానికి మనకు పనికొచ్చేవి కూడా ఆ మెసేజీలే. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరెవరి దగ్గర ఎంత వచ్చిందో కాగితం మీద రాయించండి. నగలు తాకట్టు పెట్టి అయినా సరే, వచ్చిన ఖాతా నుంచే, వచ్చిన ఖాతాకే తిరిగి పంపి, రసీదు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫిర్యాదు కాకముందే ఈ పని అయితే చాలావరకు అక్కడితో ఆగుతుంది. అయిన తరువాతయితే, మోసం కేసు కోర్టు అనుమతితో రాజీ చేసుకోదగినదే. అందుకు మోసపోయినవారి అంగీకారం కావాలి. డబ్బు ముట్టినవారు అంగీకరించే అవకాశం ఎక్కువ. ఖాతా విడిపించడానికి దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. ఆయన వల్ల కాకపోతే మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయాలి.

ఈ గందరగోళంలో "నేను సైబర్ సీఐని, 20,000 ఫోన్‌పే చెయ్యి, కేసు లేకుండా చేస్తా" అని ఫోన్ వస్తే పంపకండి. ఏ పోలీసు స్టేషనూ కేసును ఫోన్‌పేలో మాఫీ చేయదు.

ఇంకో మాట మన వాట్సాప్ గ్రూపుల గురించి. ఎవరి పిల్లవాడో ఇలాంటి పనిలో దొరికాడని తెలియగానే వాడి ఫోటో, బడి పేరు, తండ్రి పేరు పెట్టి తిప్పుతారు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలా గుర్తింపు బయటపెట్టడమే నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బోర్డు రికార్డులను కొంతకాలానికి చెరిపేయమని చట్టం చెబుతోంది. ఊరి ఫోన్లలోంచి ఎవరు చెరుపుతారు?

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మకపోయినా, ఖాతా అమ్మే పిల్లలు ఉన్నారు. "నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి ఇస్తే 2,000 నీకు" అని ఎవరో చెబితే ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేస్తారు. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడపడానికి రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది కాబట్టి ఇప్పుడు బడి పిల్లల చేతిలోనూ ఖాతాలున్నాయి. పైన చెప్పిన మామిడి పెట్టెల కేసు కన్నా ఇది ప్రమాదకరం. ఆ ఖాతాలోంచి ఎవరెవరిని ఎన్ని లక్షలకు ముంచారో ఇచ్చినవాడికి తెలియదు, మొదట దొరికేది మాత్రం అతడే.

వకీలుకు డబ్బు లేదని ఎవరూ వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టులో న్యాయ సేవా కమిటీకి తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే చాలు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వెళ్లేటప్పుడు పిల్లవాడి పదో తరగతి సర్టిఫికెట్ లేదా బడి నుంచి తెచ్చిన పుట్టిన తేదీ పత్రం, తల్లి ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్, డబ్బు తిరిగి పంపిన రసీదులు, వచ్చిన నోటీసు ఉంటే దాని నకలు తీసుకువెళ్లండి. పుట్టిన తేదీ పత్రం కావాలంటే ప్రధానోపాధ్యాయుడికి ఒక అర్జీ రాస్తే సరిపోతుంది. దేనికని మేము అందరి ముందూ అడగం.